ఎండు తెగులు – పాఠభేదాలు



ఈ మారు పద్యాన్ని గురించి గాని, ఛందస్సును గురించి గాని వ్రాయడం లేదు. ఒక టమోటా తోటను గురించి, ఆ తోటను చంపిన కంటికి కనబడని ఒక జీవిని గురించి వ్రాస్తున్నాను. తెలుగు పండితునికి టమోటా తోటతో ఏమి పని అని మీకు సందేహం కలుగవచ్చు. ఆ తోట చెడడంలో నా మాటకు కూడా కొంత పాలు ఉన్నది. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడేట్టు లేదు.

మాది మదనపల్లె వైపు పల్లె. ముప్పది ఏళ్ళకు పైగా ఆ చుట్టుపక్కల బడులలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినాను. మా ప్రాంతంలో టమోటా పంట కాదు, జూదం. ఒక వారం పెట్టె ధర ఆకాశంలో ఉంటుంది, మరు వారం కోతకూలి కూడా రాక కాయలు రోడ్డు పక్కన పారబోస్తారు. అయినా రైతు మళ్ళీ నారు పోస్తాడు. అటువంటి రైతులలో నా పాత శిష్యుడొకడున్నాడు. ఎనిమిదవ తరగతిలో సంధి సూత్రాలు ఒప్పచెప్పలేక కన్నీళ్ళు పెట్టుకున్నవాడు. ఇప్పుడు మూడెకరాల ఆసామి. వీధిలో కనబడితే ఈనాటికీ చెప్పులు విడిచి నిలబడతాడు.

2021 వర్షాకాలంలో ఒకనాటి సాయంకాలం వాడు వేళ్ళతో సహా పెరికిన నాలుగు టమోటా మొక్కలు పట్టుకుని మా ఇంటికి వచ్చినాడు. "అయివోరూ, మీరు సదివినోళ్ళు గదా, ఇది యేం తెగులో సూడండి" అన్నాడు. పొద్దున నిగనిగలాడిన మొక్క మధ్యాహ్నానికి తల వాలుస్తున్నదట. సాయంకాలం చల్లబడగానే మళ్ళీ లేస్తున్నదట. మూడవ నాటికి లేవడం లేదట. ఆకు పండలేదు, మచ్చ పడలేదు, పురుగు లేదు. పచ్చగా ఉండగానే ప్రాణం పోతున్నది. నీరు చాలలేదేమోనని వాడు కాలువ తెగగొట్టి ఇంకా నీరు పారించినాడు. ఆ నీరు పోయిన దారి వెంబడే సాలుకు సాలు వాడిపోయినది.

నాకు తెలిసినది చాలా తక్కువ. కాని నలభై మంది పిల్లల ముందు నిలబడి ముప్పది ఏళ్ళు మాట్లాడినవానికి "తెలియదు" అనే మాట నోట రావడం కష్టం. అంతకు కొద్ది దినాల క్రితమే ఒక వ్యవసాయ పత్రికలో, ఎండు తెగులును తట్టుకొనే టమోటా రకం ఒకటి ఉన్నదని చదివి ఉన్నాను. దాని పేరు ఒక చీటీ మీద వ్రాసి వాని చేతిలో పెట్టినాను. "వచ్చే కారుకు ఇది వేయి నాయనా, ఆ తెగులు దీనిని ఏమీ చేయదు" అన్నాను. అయివోరు వ్రాసి ఇచ్చిన తరువాత ఇక తిరుగు లేదని వాడు ఆ చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

2022లో ఎకరంన్నరలో ఆ రకమే వేసినాడు. అప్పు తెచ్చి వేసినాడని నాకు తరువాత తెలిసినది. నలభై దినాల వరకు తోట కళకళలాడినది. పూత వచ్చి పిందె పడే వేళకు దిగువన పల్లపు భాగంలో ఒక మొక్క తల వాల్చినది. మరునాటికి పది. పక్షం తిరిగేసరికి ఆ పల్లమంతా పోయినది. నేను వెళ్ళి గట్టు మీద నిలబడినాను. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరేం జేస్తారయివోరూ, సీటీ మీది, బూమి నాది" అన్నాడు. వాడు నన్ను నిందించి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

మా పొరుగింటివారి కోడలు మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేసిన అమ్మాయి. పండుగకు వచ్చినపుడు ఆమెను బతిమాలి తోటకు తీసుకుపోయినాను. ఆమె మందుల పేర్లు చెప్పలేదు. కొత్తగా వాడిన మొక్కను ఒకదానిని పెరికించి, మొదలు దగ్గర కాండాన్ని జానెడు ముక్క కోయించి, గాజు గ్లాసులో తేట నీరు తెప్పించింది. ఆ ముక్కను నీటిలో కొస మునిగేటట్టు వ్రేలాడదీసి, "కదపకుండా చూడండి సార్" అన్నది. రెండు మూడు నిమిషాలు గడిచినవి. కోసిన చోటు నుండి సన్నని తెల్లని దారం ఒకటి నీటిలోకి దిగినది. అగరువత్తి పొగ తలక్రిందులుగా దిగినట్టు, పాలచుక్క జారినట్టు, మెల్లగా గ్లాసు అడుగుకు చేరినది. అది పాలు కాదు. కోట్ల సంఖ్యలో బాక్టీరియా, వాటి జిగురు.

మా శిష్యుడు గ్లాసు వంక చూస్తూ, "యింత సన్నదానికా నా తోట పోయింది" అన్నాడు.

ఆ జీవి మట్టిలో ఉంటుంది. వేరుకు తగిలిన గాయం గుండా, పిల్ల వేరు చీల్చుకుని వచ్చే సందు గుండా లోపలికి పోతుంది. నీటిని పైకి మోసే దారునాళాలలో చేరి పెరిగి, జిగురు వంటి పదార్థాన్ని విడిచి ఆ నాళాలను పూడ్చివేస్తుంది. క్రింద తడి ఉన్నా పైన మొక్క దాహంతో చస్తుంది. అందుకే ఆకు పండకుండానే వాడుతుంది. మేము నీరు చాలలేదనుకుని పారించిన నీరు ఆ జీవికి పల్లకీ అయినది.

మా వైపు దీనినీ ఎండు తెగులే అంటారు, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే దానినీ ఎండు తెగులే అంటారు. ఒకే పదానికి రెండు అర్థాలు. శిలీంధ్రం వల్ల వాడిన కాండాన్ని నీటిలో వ్రేలాడదీస్తే ఆ తెల్లని దారం రాదు. నానార్థాల పాఠం ఎన్ని మార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. సందర్భం చూడకుండా అర్థం చెప్పరాదని పిల్లలకు బెత్తం చూపి నేర్పినవాడిని. నేను చదివిన పత్రికలో "ఎండు తెగులు" అన్న మాటకు ఏది అర్థమో ఆనాడు నేను చూడనే లేదు. ఇల్లు చేరగానే పాత సంచికలు వెదికి చూచినాను. అదృష్టవశాత్తు అక్కడ ఉన్నది బాక్టీరియా తెగులే. అయితే తప్పు లేదని ఊరట పడబోయినాను.

అపుడా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "ఆ రకాన్ని ఏ సంతతి మీద పరీక్షించారో అందులో ఉందా సార్?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. తరువాత రెండేళ్ళు ఆమె పంపినవీ, నాకు దొరికినవీ ఓపికగా చదువుకున్నాను. ఆంగ్లం నాకు నెమ్మదిగా గాని సాగదు. తెలిసినంత మేరకు మీ ముందుంచుతాను.

ఈ జీవికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే ఒక పెద్ద కథ. 1896లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎర్విన్ స్మిత్ దీనిని వర్ణించి బాసిల్లస్ సొలనేసియారం అని నామకరణం చేసినాడు. బాక్టీరియా వల్ల మొక్కలకు రోగం వస్తుందని జర్మనీ పండితుడు ఆల్‌ఫ్రెడ్ ఫిషర్ ఒప్పుకొనని కాలమది. వారిద్దరి వాదం మన పండితుల వాదాలకు ఏమీ తీసిపోదు. స్మిత్ గెలిచినాడు, కాని ఆయన పెట్టిన పేరు నిలవలేదు. తరువాత ఇది సూడోమోనాస్ అయినది, 1992లో బర్ఖోల్డేరియా అయినది, 1995లో రాల్‌స్టోనియా అయినది. ఇంటిపేరు ఇన్ని మార్లు మారినా సొలనేసియారం అన్నది మాత్రం వెంట వచ్చినది. లాటిన్‌లో అది షష్ఠీ విభక్తి, బహువచనం: వంగ కుటుంబపు మొక్కల యొక్క అని అర్థం. టమోటా, వంగ, మిరప, బంగాళాదుంప, పొగాకు అన్నీ ఆ కుటుంబమే. ఇపుడా విభక్తి కూడా అవ్యాప్తి దోషానికి గురి అయినది. అల్లం, అరటి, వేరుశనగ మొదలుకొని రెండు వందలకు పైగా జాతుల మొక్కలను ఇది పట్టుతుందని తేలినది.

ఒకే జీవి ఇన్నింటిని ఎట్లా పట్టగలదు? ఒకే జీవి కాదు గనుక. పూర్వం దీనిని ఏ మొక్కను పట్టుతుందనే దానిని బట్టి "రేసు"లుగా, ఏ చక్కెరలను వాడుకోగలదనే దానిని బట్టి "బయోవార్"లుగా విడదీసేవారు. అది మనిషిని వాని భోజనాన్ని బట్టి గుర్తించడం వంటిది. జన్యువుల వ్రాత చదవడం వచ్చిన తరువాత ఆ లెక్కలు మారినవి. 2005లో ఫేగన్, ప్రయర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని నాలుగు వంశాలుగా విడదీసినారు. మొదటిది ఆసియాకు, రెండవది అమెరికా ఖండాలకు, మూడవది ఆఫ్రికాకు, నాలుగవది ఇండొనేషియా ప్రాంతానికి చెందినవి. 2014లో వీటిని మూడు వేర్వేరు జాతులుగానే విడదీసినారు. మొదటి, మూడవ వంశాలు కలిసి రాల్‌స్టోనియా సూడోసొలనేసియారం అయినవి. స్మిత్ ఇచ్చిన పాత పేరు రెండవ వంశానికి మాత్రం మిగిలినది. నాలుగవది రాల్‌స్టోనియా సిజీజీ. లవంగం, నేరేడు చెట్ల ప్రజాతి పేరు సిజీజియం. ఆ జాతిలో ఒక శాఖ లవంగం చెట్లను చంపుతుంది. మన దేశంలో కూరగాయల తోటలలో ఎక్కువగా కనబడేది మొదటి వంశం.

ఇది చదువుతున్నపుడు నాకు తాళపత్ర గ్రంథాలు గుర్తుకు వచ్చినవి. మా వైపువారికి బ్రౌను దొర కథ తెలిసినదే. కడపలో పండితులను పెట్టి, ఊరూరి నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించినాడు. ఒకే పద్యం ఈ ప్రతిలో ఒక విధంగా, ఆ ప్రతిలో మరొక విధంగా ఉంటుంది. ఒక లేఖకుడు చేసిన పొరపాటు వాని ప్రతిని చూచి వ్రాసుకున్నవారందరికీ సంక్రమిస్తుంది. ఒకే తప్పు నాలుగు ప్రతులలో కనబడితే ఆ నాలుగింటికీ మాతృక ఒకటే అని పండితుడు ఊహిస్తాడు. జీవశాస్త్రజ్ఞులు చేస్తున్నదీ అదే. వారి అక్షరాలు నాలుగే. ఈ బాక్టీరియాలో ఒక జన్యువును ఎన్నుకుని, అందులో సుమారు 750 అక్షరాల ముక్కను చదివి, ప్రతికీ ప్రతికీ ఎన్ని అక్షరాలు భేదించినవో లెక్కిస్తారు. ఆ లెక్కను బట్టి ఒక్కొక్క వంశంలో ఎన్నో శాఖలు తేలినవి. వాటిని సీక్వెవార్‌లంటారు.

2002లో ఈ జీవి జన్యు గ్రంథం మొత్తాన్ని మొదటి మారు చదివినారు. ఫ్రెంచ్ గయానాలో ఒక టమోటా మొక్క నుండి తీసిన సంతతి అది. దాని గ్రంథం రెండు సంపుటాలు. పెద్దది 37 లక్షల అక్షరాలు, చిన్నది 21 లక్షలు. ఒక సూక్ష్మజీవి ఇంత గ్రంథాన్ని మోసుకుని తిరుగుతున్నదంటే నాకు ఆశ్చర్యం వేసినది. మన వాఙ్మయంలో వలె ఇందులో ప్రక్షిప్తాలు కూడా ఉన్నవి. ఈ బాక్టీరియాకు ఒక విద్య ఉన్నది: తన చుట్టూ పడి ఉన్న పరాయి డీఎన్‌ఏ ముక్కలను లోపలికి తీసుకుని తన గ్రంథంలో కలుపుకోగలదు. ఎవరో వ్రాసిన పద్యాన్ని మరొకరి కావ్యంలో చేర్చిన లేఖకుని వంటిదే. కనుక దీనిలో భేదాలు తండ్రి నుండి కొడుకుకు వచ్చినవే కావు, ఇరుగుపొరుగు నుండి ఎరువు తెచ్చుకున్నవీ ఉన్నవి.

ఈ భేదాలు పండితుల వినోదానికైతే చింత లేదు. రైతుకు ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడనే. బాక్టీరియా మొక్క కణాలలోకి సూది గుచ్చినట్టు కొన్ని ప్రోటీన్లను ఎక్కిస్తుంది. అవి మొక్క రక్షణను లొంగదీసే దొంగ తాళపుచెవుల వంటివి. ఒక్కొక్క సంతతిలో ఇటువంటివి అరవై, డెబ్బై ఉంటాయి. అన్ని సంతతులనూ కలిపి చూస్తే నూటికి పైగా రకాలు. ఏ సంతతి దగ్గర ఏ గుత్తి ఉన్నదో వేరు వేరు. తట్టుకొనే రకమంటే, వీటిలో ఏదో ఒక చెవిని గుర్తుపట్టి కేక వేయగల కావలివాడు ఉన్న మొక్క కావచ్చు. ఆ చెవి లేని దొంగ వస్తే కావలివాడు గుర్తుపట్టడు. వంగలో ఇట్లాంటి నిరోధక స్థానం ఒకటి మొదటి వంశపు కొన్ని సంతతులను గట్టిగా అడ్డుకున్నదనీ, అదే వంశపు మరొక సంతతి ముందు పాక్షికంగా మాత్రమే పనిచేసినదనీ 2013లో పరిశోధకులు ప్రకటించినారు. ఒకే వంశంలోనే ఈ భేదం!

నేల వేడి పెరిగినా, వేరుముడి పురుగులు వేళ్ళకు గాయాలు చేసినా తట్టుకొనే శక్తి ఇంకా తగ్గుతుందట. మరొక చిక్కు ఏమిటంటే, టమోటాలో ఈ తెగులును తట్టుకొనే గుణం చిన్న కాయతో ముడిపడి వస్తుందని పెంపకందారులు చాలా కాలం నుండి వాపోతున్నారు. సంతలో చిన్న కాయను ఎవరు కొంటారు?

ఇపుడా అమ్మాయి ప్రశ్న నాకు అర్థమైనది. ఒక రకం ఒక ఊరి నేలలో, ఆ ఊరి సంతతి ముందు నిలిచినంత మాత్రాన మా పల్లెలో నిలవాలని లేదు. పత్రిక అబద్ధం వ్రాయలేదు. విత్తనం కల్తీది కాదు. నేను అడగవలసిన ప్రశ్న అడగలేదు, అంతే. ఒక పద్యం ఉదహరించవలసి వస్తే ఏ ప్రతి, ఎవరి పరిష్కరణ, పాఠాంతరం ఏమున్నది అని నాలుగు పుస్తకాలు తిరగవేసి గాని నోరు విప్పని అలవాటు నాది. పొరపాటున ఒక అక్షరం తప్పు చెప్పితే ఆ రాత్రి నిద్ర పట్టదు. అటువంటివాడిని, ఒకని ఎకరంన్నర భూమి విషయంలో, వాని అప్పు విషయంలో, ఒక చీటీ మీద ఒక పేరు గొలికి ఇచ్చినాను. పద్యానికి చూపిన జాగ్రత్త మనిషికి చూపలేదు.

ఆ మాట వానికి చెప్పడానికి నాకు చాలా దినాలు పట్టినది. బడిలో పనిచేసిన కాలంలో ఏనాడైనా తరగతికి తిరిగి వెళ్ళి, "నిన్న నేను చెప్పినది తప్పు" అని అన్నానా అని జ్ఞాపకం చేసుకున్నాను. ఒక్క సంఘటన కూడా గుర్తుకు రాలేదు. తప్పు చెప్పకపోవడం చేత కాదు గదా! చివరకు ఒకనాడు పొద్దున్నే వాని చేనికి నడిచిపోయి, గట్టు మీద కూర్చుని, "నేను చెప్పింది తప్పురా నాయనా, అడిగి చెప్పవలసింది, అడగకుండా చెప్పినాను" అన్నాను. వాడు చేతిలో పార పక్కన పెట్టినాడు. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పరీచ్చలో నాకు సున్నా ఏసినప్పుడు మల్లా రాయమన్నారు గదయివోరూ. మల్లా రాస్తాం" అన్నాడు. "రాస్తాం" అన్నాడు, "రాస్తాను" అనలేదు. వ్యాకరణం చెప్పినవానికి ఆ బహువచనం వినబడకుండా ఉంటుందా?

ఆమె చెప్పిన ప్రకారం మళ్ళీ వ్రాసినాము. పల్లపు భాగంలో ఒక కారు టమోటా, వంగ, మిరప ఏదీ వేయకుండా మొక్కజొన్న వేసినాడు. గట్టు మీది కామంచి మొక్కలను పెరికించినాము, ఆ జీవి వాటిలోనూ దాగుతుంది గనుక. వాడిన మొక్కలను వేళ్ళతో తీసి తగులబెట్టినాము. పల్లం నుండి మెరకకు నీరు గాని, పార గాని, బురద కాళ్ళు గాని పోకుండా చూచుకున్నాడు. ఆ తరువాతి కారుకు పల్లంలో పది సెంట్లు మాత్రం అడవి వంగ వేరు మీద అంటుకట్టిన టమోటా నారు తెచ్చి నాటినాడు. తూర్పు ఆసియా దేశాలలో ఈ అంటు పద్ధతి చాలా కాలంగా వాడుకలో ఉన్నది. పైన టమోటా, క్రింద తెగులును ఓర్చుకొనే వేరు. మామూలు నారు కన్నా దాని ధర ఎంతో ఎక్కువ. అందుకే పది సెంట్లే.

అందులో కొన్ని మొక్కలు పోయినవి, ఎక్కువ మొక్కలు నిలిచినవి. లాభం వచ్చినదని చెప్పలేను. అప్పు మొత్తం తీరలేదు. కాని ఒక సంగతి జరిగినది. మొన్న విత్తనాలు కొనడానికి వానితో పాటు నేనూ పట్నం వెళ్ళినాను. అంగడివాడు ఒక పొట్లం చూపి, "ఇది ఎండు తెగులుకు తట్టుకుంటుంది" అన్నాడు. మా శిష్యుడు దానిని అటూ ఇటూ తిప్పి చూచి, "యా ఊరి తెగులుకు?" అని అడిగినాడు. అంగడివానికి జవాబు తోచలేదు. నాకు మాత్రం, ముప్పది ఏళ్ళ కాలంలో నా తరగతిలో ఎవరూ అడగని మంచి ప్రశ్న అదేననిపించినది.

మీలో సేద్యం ఉన్నవారు, బంధువులలో రైతులున్నవారు ఉంటారు. తోట పచ్చగా ఉండగానే వాడిపోతుంటే, మందు కొనడానికి పోయే ముందు ఒక గ్లాసు తేట నీరు తీసుకోండి. కోసిన కాండాన్ని అందులో వ్రేలాడదీసి ఐదు నిమిషాలు చూడండి. తెల్లని దారం దిగితే ఆ చేనిలో నీరు కట్టడం ఆపి, తెలిసినవారిని పిలవండి. ఎవరైనా రకం పేరు చెప్పితే, ఎక్కడ పరీక్షించినదో అడగండి. చెప్పినవాడు పంతులైతే మరీ అడగండి.

ఒక చిన్న కోరిక. ఈ తెగులును మా వైపు ఎండు తెగులంటారని వ్రాసినాను. కొన్నిచోట్ల వడలు తెగులంటారని విన్నాను. మీ ప్రాంతంలో ఏమంటారో తెలియజేయగలరు. పేర్లన్నీ ఒక చోట వ్రాసి పెట్టుకోవాలని ఉన్నది. పాఠభేదాలు సేకరించే అలవాటు అంత సులభంగా పోదు.

సెలవు.